మూడు హల్లుల మాట: కలాం భాషలో ఒక అచ్చు వెంట పడిన కేసు

కలాం భాషలో 'భాష' అన్న మాటని 'మినిమ్' అంటారు. ఎవరు విన్నా రెండు అచ్చులు వినిపిస్తాయి. రాసేటప్పుడు మాత్రం భాషావేత్తలు రోమన్ లిపిలో మూడు హల్లులు రాసి ఊరుకుంటారు. తెలుగులో పెడితే 'మ్న్మ్'. ఈ రెంటి మధ్య తేడా అర్థం కావడానికి నా దగ్గరికి వచ్చిన ఒక పరిశోధకుడికి దాదాపు ఏడాది పట్టింది. అందులో సగం ఆలస్యం నావల్లే జరిగింది. అందుకే ఈ కేసు రాస్తున్నాను.

ఆ కుర్రాడి అనుమతి తీసుకున్నాను. ఊరు, సంవత్సరం, మాట్లాడినవాళ్ల వివరాలు తీసేశాను. భాష పేరు దాచలేదు. అది దాస్తే చెప్పడానికి ఏమీ మిగలదు.

నేపథ్యం

పాపువా న్యూగినీలో 800కి పైగా భాషలున్నాయి. 'పాపువన్' అనేది ఒక కుటుంబం పేరు అనుకుంటారు చాలామంది. న్యూగినీలో, చుట్టుపక్కల దీవుల్లో ఆస్ట్రోనేషియన్ (మలయ్, మావోరీ వంటివి ఉన్న మరో పెద్ద భాషాకుటుంబం) కాని భాషలన్నిటికీ కలిపి వేసిన మూట పేరు అది. అందులో అతి పెద్ద కుటుంబం ట్రాన్స్ న్యూగినీ. కలాం ఆ కుటుంబంలోది. మడాంగ్ ప్రావిన్సులో, ష్రేడర్ కొండల్లో, సింబాయ్, కైరోంక్ లోయల్లో మాట్లాడతారు. మాట్లాడేవాళ్లు వేలల్లో ఉంటారు, లక్షల్లో కాదు. (మన మాజీ రాష్ట్రపతి కలాం గారికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ప్రతి సెమినార్‌లో ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా.)

పాత పుస్తకాల్లో దీన్ని 'కరామ్' అని రాశారు. రెండు ప్రధాన మాండలికాలున్నాయి. వాటి పేర్లు నాకు భలే ఇష్టం: ఒకటి 'ఏత్ప్ మ్న్మ్', ఇంకోటి 'తి మ్న్మ్'. ఏత్ప్ అన్నా తి అన్నా 'ఏమిటి' అనే. అంటే 'ఏమిటి'కి మీరు ఏ మాట వాడతారో అదే మీ భాష పేరు. మన దగ్గర 'ఏంది' వాళ్లు, 'ఏంటి' వాళ్లు అన్నట్టు.

ఆ కుర్రాడు తెలుగువాడు. కోస్తాలో పుట్టి, హైదరాబాదులో చదివి, విదేశీ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీకి చేరాడు. టోక్ పిసిన్ (అక్కడ అందరూ వాడే ఉమ్మడి భాష) మూడు నెలల్లో పట్టేశాడు. మొదటి విడత ఫీల్డ్‌వర్క్‌లో పదాల జాబితా, కొన్ని వాక్యాలు, నాలుగు కథలు రికార్డు చేసుకుని వచ్చాడు. ఫోనాలజీ (భాషలో ధ్వనుల అమరిక) అధ్యాయం రాయడానికి కూర్చుని అక్కడే ఇరుక్కుపోయాడు. వాళ్ల గైడు సెలవులో ఉండడంతో నన్ను చూడమన్నారు.

వచ్చిన సమస్య

ఫోన్లో అతని మొదటి మాట: "సార్, నాకు అచ్చులు ఎక్కువైపోతున్నాయి."

ఫైల్ తెరిచి చూశాను. తొమ్మిది అచ్చులు లెక్కగట్టాడు. అ, ఎ, ఇ, ఒ, ఉ సరే. వాటి పక్కన 'ఇ'కీ 'ఉ'కీ మధ్య నాలుక నడిమిలో పలికే ఒక పొట్టి అచ్చు. తెలుగులో దానికి అక్షరం లేదు, అందుకని ఈ వ్యాసంలో 'ఇ'తోనే చూపిస్తున్నాను. దానికే మరో మూడు రకాలు. ఒకే మాట మూడు చోట్ల మూడు రకాలుగా రాసి ఉంది. 'ఉండు' అనే ధాతువు ఒక చోట 'మింద్', ఇంకో చోట 'మింది', మరో చోట 'మ్‌ంద్'. అతని డేటాబేస్‌లో అవి మూడు వేర్వేరు పదాలు. 'చేయి' అనే ధాతువుకి ఏకంగా నాలుగు ఎంట్రీలు.

ఇంతటితో ఆగినా బాగుండేది. ఆ పొట్టి అచ్చు పక్కన వ్ ఉంటే ఉ లాగా, య్ ఉంటే ఇ లాగా వినిపిస్తోందని గమనించాడు. అది నిజమే, గమనించడం మంచిదే. దాని మీద 'స్వరసామ్యం' అని ఒక అధ్యాయం రాసేశాడు. ఎందుకు రాశాడో నాకు వెంటనే అర్థమైంది. మనిషి మనుషులవుతాడు, పులి పులులవుతుంది, 'హరికి' అంటాం, 'అన్నకు' అంటాం. అచ్చు అచ్చుని చూసి రంగు మార్చుకోవడం మనకి పాలతో వచ్చిన అలవాటు. తెలుగువాడికి ఎక్కడ అచ్చు మారినా ముందు ఇదే తడుతుంది.

ఇక్కడ నా మొదటి తప్పు చెప్పాలి. 1963లోనే బ్రూస్ బిగ్స్ అనే భాషావేత్త ఈ భాషలోని ఈ మధ్య అచ్చు గురించి వ్యాసం రాశాడు. అది ధ్వని మాత్రమేననీ, వర్ణం (మాట అర్థాన్ని మార్చగల శబ్దం) కాదనీ అందులో వాదించాడు. తర్వాత ఆండ్రూ పాలీ అనే మరో భాషావేత్త దశాబ్దాల తరబడి అదే దారిలో వ్యాకరణం, నిఘంటువు పని చేశాడు. ఇవి నాకు తెలుసు. కానీ ముందే చెప్పేస్తే కుర్రాడు దాన్ని నమ్ముతాడే తప్ప చూడడు, అతని డేటాలోంచే రానీ అనుకున్నాను. సిద్ధాంతంగా బాగానే ఉంది. అతనికి స్కాలర్‌షిప్ గడువు ఉందన్న సంగతి మాత్రం మర్చిపోయాను.

ఏం చేసి చూశాం, ఎందుకు పని చేయలేదు

ముందు కొలిచి చూద్దాం అన్నాడు. ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి అచ్చు పౌనఃపున్యాలు, నిడివి కొలిచి గ్రాఫు గీశాడు. రెండు వారాల పని. అ, ఎ, ఒ లు తలా ఒక మూల గుంపుగా కూర్చున్నాయి. మధ్య అచ్చు మాత్రం పాలలో పడ్డ కాఫీ చుక్కలా అంతటా పాకింది. నిడివి మాత్రం చాలా తక్కువ. ఆ గ్రాఫు చూసి అతను 'ఇందులో మూడు నాలుగు అచ్చులు కలిసిపోయి ఉన్నాయి' అన్నాడు. నేను 'అసలు ఒక్కటీ లేదేమో' అన్నాను. ఇద్దరి మాటకీ ఆ గ్రాఫు సరిపోయింది! శబ్దం ఎలా ఉందో కొలత చెబుతుంది. మాట్లాడేవాడు దాన్ని మాటలో భాగంగా గుర్తుపెట్టుకున్నాడా లేదా అన్నది చెప్పదు.

తర్వాత జంట పదాల వేట. ఒక్క శబ్దం తేడాతో అర్థం మారే రెండు మాటలు దొరికితే ఆ శబ్దం వర్ణమని రుజువు. మనకి 'కల', 'కళ' ఉన్నట్టు. మధ్య అచ్చు ఉంటే ఒక అర్థం, లేకపోతే ఇంకో అర్థం వచ్చే జంట కోసం జాబితా అంతా గాలించాడు. ఒక్కటీ దొరకలేదు. 'డేటా సరిపోలేదు, ఇంకా పదాలు కావాలి' అని రాసుకున్నాడు. అన్ని వందల పదాల్లో ఒక్క జంట కూడా లేకపోవడమే జవాబని అప్పటికి అతనికి తట్టలేదు. నేను చెప్పాల్సింది, చెప్పలేదు.

రెండో విడత వెళ్లినప్పుడు ఇంకో పద్ధతి పట్టాడు. తనతో పని చేసే ఒక పెద్దాయనని మాటని నెమ్మదిగా, విడదీసి చెప్పమన్నాడు. ఆయన ఓపికగా 'మి... ని... మి...' అన్నాడు. చివర ఇంకో అచ్చు కూడా వచ్చి చేరింది. అచ్చులు తగ్గుతాయనుకుంటే పెరిగాయి. హల్లుని ఒంటరిగా ఎవరైనా ఎలా పలుకుతారు? మన పిల్లలు 'క్' అనమంటే 'కు' అనరా, అలాగే. విడదీయమని అడిగి మనమే అచ్చుని పుట్టించాం.

చేత్తో తాళం వేయించడం కూడా జరిగింది. మ్న్మ్‌కి పెద్దాయన రెండు సార్లు తట్టాడు. "చూశారా సార్, రెండు అక్షరాలు" అని విజయగర్వంతో మెసేజ్ పెట్టాడు. తట్టింది పలుకుని. పలుకులో ఆ అచ్చు ఉందని ఎవరూ కాదనలేదు. పేచీ అంతా అది మాటతో పుట్టిందా, పలికేటప్పుడు వచ్చి చేరిందా అన్న దగ్గరే. తాళం ఆ సంగతి తేల్చలేదు.

బస్సు

ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. సింబాయ్ వైపు సిగ్నల్ కోసం అతను గుట్ట ఎక్కి నిలబడ్డాడు. గాలి హోరు.

"'బస్సు'లో చివర ఉ ఉందా?" అన్నాను.

"ఉంది కద సార్."

"బస్సెక్కాను?"

కాస్త ఆగి, "పోయింది."

"బస్సులో?"

"వచ్చింది."

"ఇంగ్లీషులో ఉందా?"

"లేదు."

"మరి ఎవరు పెట్టారు?"

ఏమీ మాట్లాడలేదు. లైను కట్ అయిందనుకున్నాను. తర్వాత, "సార్, రేపు చేస్తాను" అని పెట్టేశాడు.

చిన్నప్పుడు ఉత్వ సంధి అని బట్టీ పట్టాం కదా. ఉకారం తర్వాత అచ్చు వస్తే ఉకారం ఎగిరిపోతుంది. కారు, రోడ్డు, బల్బు, పేపరు, ఏ అరువు మాటకైనా హల్లుతో ఆగిపోవడం ఇష్టం లేక ఒక ఉ తగిలించుకుంటాం. అచ్చు దొరికితే దాన్ని వదిలేస్తాం. అది మాట సొత్తు కాదు, మన నోటి అవసరం. కలాం నోటి అవసరం కూడా అలాంటిదే, కాకపోతే మాట చివర ఆగదు, హల్లుకీ హల్లుకీ మధ్య దూరుతుంది. ఇన్నాళ్లూ అచ్చుని వినిపించింది తెలుగు చెవే, పరీక్ష ఎలా పెట్టాలో చెప్పిందీ ఆ చెవే.

ఏది పని చేసింది

మర్నాటి నుంచి ఒంటరి పదాలు పక్కన పెట్టాడు. ఒకే ధాతువుకి రకరకాల ప్రత్యయాలు తగిలించి, మామూలు వేగంతో చెప్పించుకుని, చుట్టూ ఏం జరుగుతోందో చూశాడు.

'ఉండు' ధాతువు 'మ్ద్' తీసుకోండి. ఒంటరిగా 'మింద్'. చివర హల్లే. దానికి 'ప్', ఆపైన 'నేను' అనే అర్థమిచ్చే 'ఇన్' తగిలితే ద్‌కీ ప్‌కీ మధ్య కొత్తగా ఒక అచ్చు పుట్టుకొచ్చి 'మిందివిన్' లాగా వినిపిస్తుంది. (ఇక్కడ వ అని రాసింది నిజానికి ప. రెండు అచ్చుల మధ్య పెదవులు పూర్తిగా మూతపడకుండా గాలి జారిపోతుంది. అతను ముందు దీన్ని కూడా వేరే హల్లు అనుకుని వ కింద వేశాడు. అది ఒక రోజులో సర్దుకుంది, దాని గురించి ఇక రాయను.) అచ్చుతో మొదలయ్యే ప్రత్యయం తగిలితే మాత్రం ఏ అచ్చూ పుట్టదు, ద్ నేరుగా దానికి అతుక్కుంటుంది. 'చేయి' అనే ధాతువు ఒంటి హల్లు: 'గ్'. పలకడానికి ఏదో ఒకటి కావాలి కాబట్టి ఒంటరిగా 'ఙ్గి' అంటారు. అచ్చు తగిలిందా, ఆ 'ఇ' మాయం. అతని నాలుగు ఎంట్రీలూ ఇదే ఒక్క గ్.

ఇది మాటల అంచుల్లో సంగతి. మ్న్మ్ లోపలి అచ్చులు ఎక్కడికీ పోవు కదా, వాటినేం చేయాలి? ఇక్కడ మేం కాస్త ఆగాం. అచ్చు వచ్చీ పోయీ ఆడితే అది చేరికేనని తేలిక. ఎప్పుడూ ఒకేలా ఉండే అచ్చుని చేరిక అనడానికి వేరే కారణం చూపాలి. చివరికి ఇలా అనుకున్నాం: హల్లుల వరస మాత్రమే ఇస్తే అచ్చు ఎక్కడ వస్తుందో, ఏ రంగులో వస్తుందో మనం ముందే చెప్పగలమా? చెప్పగలిగితే దాన్ని నిఘంటువులో దాచుకోనక్కర్లేదు. 'ప్క్' (కొట్టు)లో మధ్య అచ్చుని ఎవరైనా చెప్పగలరు. 'పగ్' (విరుగు)లో అ ఉందని ఎవరూ ఊహించలేరు, గుర్తుపెట్టుకోవాల్సిందే. అ, ఎ, ఒ లు ఈ రెండో రకం. ఇక మామూలు ఇ, ఉ లాగా వినిపించేవాటిని య్, వ్ లు అచ్చు వేషం కట్టినవిగా చూడొచ్చు. పాలీ దారి అదే. 'కన్ను' అనే మాట 'వ్ద్న్', పలుకు 'వుందిన్' లాగా ఉంటుంది. మొదటి అచ్చు ఉ రంగు పూసుకోవడానికి కారణం పక్కనున్న వ్. అచ్చు అచ్చుని చూసి మారడం ఇందులో లేదు. స్వరసామ్యం అధ్యాయం అక్కడితో పోయింది.

తొమ్మిది అచ్చుల నుంచి మూడుకి దిగడం అతనికి భయం వేసింది. "ఇంత తక్కువా సార్, ఎవరైనా నమ్ముతారా?" అన్నాడు. నమ్మించే అవకాశం మేం ప్లాన్ చేయకుండానే దొరికింది.

ఆ కొండల పైన అడవిలో ఒక రకం మొగలి జాతి చెట్టు, పాండనస్, కాయలు కాస్తుంది. ఆ గింజలు వాళ్లకి చాలా ఇష్టం. కాయలు కోయడానికి పైకి వెళ్లినప్పుడు మామూలు మాటలు వాడకూడదు. దాదాపు ప్రతి మాటకీ వేరే మాట ఉంటుంది. దాన్ని 'అల్ఙావ్ మ్న్మ్', పాండనస్ భాష, అంటారు. కాసోవరీని వండేటప్పుడు, తినేటప్పుడు కూడా అదే. (కాసోవరీ మనకి పక్షి. వాళ్ల వర్గీకరణలో పక్షుల మాట 'యక్త్' కిందకి అది రాదు, 'కోబ్తి' అని దానిది వేరే గుంపు. గబ్బిలాలు మాత్రం యక్త్‌లో ఉంటాయి. రాల్ఫ్ బుల్మర్ అనే మానవశాస్త్రవేత్త ఈ ఒక్క ప్రశ్న మీదే 1967లో వ్యాసం రాశాడు.) పాండనస్ భాషలో పదాలు మారతాయి కానీ ధ్వనులూ వ్యాకరణమూ మామూలు కలాంవే.

మనవాడి రికార్డుల్లో ఒక గంట భాగం ఏ మాటకీ సరిపోక పక్కన పడి ఉంది. ఏదో వేరే మాండలికం అనుకున్నాడు. ఎక్కడ రికార్డు చేశాడో అడిగితే కాయల కాలంలో పై అడవి శిబిరంలో అని తేలింది. అంటే అతను అంతకుముందు విశ్లేషించని మాటల గుట్ట, అదే నోటి నుంచి వచ్చింది, మా చేతిలో ఉంది. నేను వాటిలో హల్లుల వరస మాత్రమే రాసి అతనికి పంపాను. రికార్డింగు వినకుండా అచ్చులు ఎక్కడ, ఏ రంగులో వస్తాయో రాయమన్నాను. తర్వాత ఇద్దరం కలిసి విన్నాం. తప్పిన నాలుగైదు చోట్లా నేనే హల్లుని తప్పుగా విన్నాను. ఆ తర్వాత అతను మూడు అచ్చుల గురించి భయపడలేదు.

సున్నా గొడవ

ఇది చిన్నదే గాని తెలుగువాళ్లందరికీ తగిలే రాయి. కలాంలో బ, ద, జ, గ లు ఎప్పుడూ ముక్కుతో మొదలవుతాయి: ంబ, ంద, ంజ, ంగ. ఉత్త బ, ఉత్త ద లేవు. మన లిపిలో సున్నా వేరే గుర్తు కాబట్టి అతను ప్రతిచోటా రెండు హల్లులుగా విడగొట్టాడు. అందుకే 'మ్‌ంద్' లాంటి వింత రూపాలు వచ్చాయి.

ఒక్క హల్లా, రెండా? అచ్చు సంగతి తేలాక దీనికి జవాబు ఉచితంగా వచ్చింది. రెండు హల్లులు పక్కపక్కన వస్తే మధ్యలో అచ్చు దూరుతుంది కదా. న్, ద్ నిజంగా రెండైతే మధ్యలో అచ్చు ఎందుకు దూరడం లేదు? ఎందుకంటే అది ఒక్కటే. మాట మొదట్లో కూడా అదే ముక్కు పలుకు నిలబడుతుంది, 'తీసుకో' అనే ధాతువు 'ద్' ఒంటరిగా 'న్ది' అవుతుంది. ఇన్ని నెలలు సున్నా మీద వాదించుకుంటే అరగంటలో తీరింది. వరస తప్పి మొదలుపెట్టడం వల్ల వచ్చిన నష్టం అది. అచ్చు ముందు, సున్నా తర్వాత పెట్టుకోవాల్సింది.

క్రియలు, చెట్టు మీంచి పడ్డ వేటగాడు

ధ్వనులు కుదిరాక క్రియల జాబితా చూశాను. నాలుగొందలు దాటాయి. కలాంలో క్రియాధాతువులు మొత్తం 130 దాకా ఉంటాయి, అందులో ఓ ముప్ఫై అయిదు దాదాపు బండి అంతా లాగుతాయి. మిగతావి ఎక్కడి నుంచి వచ్చాయి? టోక్ పిసిన్‌లో ఒక్క మాట అడిగి, కలాంలో వచ్చిన మాటల గుత్తిని ఒక్క ఎంట్రీగా రాసుకున్నాడు.

నాకు బాగా నచ్చే గుత్తులు 'న్ఙ్' అనే ధాతువువి. దాని అర్థం ఇంద్రియాలతో గానీ మనసుతో గానీ గ్రహించడం. కన్ను-న్ఙ్ అంటే చూడడం, చెవి-న్ఙ్ అంటే వినడం, నిద్ర-న్ఙ్ అంటే కలగనడం. 'ఞ్బ్ న్ఙ్', తిని గ్రహించు, అంటే రుచి చూడడం. 'ద్ న్ఙ్', పట్టుకుని గ్రహించు, అంటే తాకి చూడడం. 'అగ్ న్ఙ్', అని గ్రహించు, అంటే అడగడం. అతనికి ఇది వివరించేటప్పుడు నాకు చెమటలు పట్టలేదు. తిని చూడు, పట్టి చూడు, అడిగి చూడు. మన 'చూడు' చేసే పనే. ఇంగ్లీషులో గింజుకుంటూ ఉన్న అధ్యాయం తెలుగులో ఒక్క నిమిషంలో అర్థమైంది.

పాలీ చాలా చోట్ల చూపించే ఒక వాక్యం ఉంది: 'యద్ అమ్ మోన్ ప్క్ ద్ అప్ అయ్-ప్-యిన్'. నేను, వెళ్లు, కట్టె, కొట్టు, తీసుకో, రా, పెట్టు-నేను. కట్టెలు తెచ్చాను అని చెప్పడం అంతే. తెలుగులో 'వెళ్లి కట్టెలు కొట్టి తీసుకొచ్చి పెట్టాను'. వరస ఒకటే, క్రియ చివర రావడం ఒకటే. తేడా ఏమిటంటే మనం మధ్యలో ప్రతి క్రియకీ -ఇ తగిలిస్తాం, వాళ్లు ఉత్త ధాతువుల్ని వరసగా పేర్చి చివరి దానికి మాత్రం బట్టలు తొడుగుతారు. పైగా మనం కట్టెలు కొట్టడాన్ని వదిలేసి 'కట్టెలు తెచ్చాను' అనొచ్చు. కలాం మాట్లాడేవాళ్లు ఎక్కడికి వెళ్లారు, ఏం చేశారు, ఎలా తెచ్చారు, ఎక్కడ పెట్టారు అని దశలన్నీ చెప్పడానికే ఇష్టపడతారు.

ఇక్కడ తెలుగు ఎంత సాయం చేసిందో, పక్క పేజీలో అంత దెబ్బ కొట్టింది. ఉత్త ధాతువుల వరస కాకుండా, వాక్యం మధ్యలో ప్రత్యయం తగిలించిన క్రియలు కూడా కలాంలో ఉంటాయి. ఆ ప్రత్యయం చూస్తే తర్వాతి పని చేసేది ఇదే మనిషా, వేరే ఎవరైనానా అన్నది ముందే తెలుస్తుంది. కర్త మారకపోతే ఒక రకం, మారబోతే ఇంకో రకం. మారబోయే రకంలో ఆ క్రియ కర్త ఎవరో కూడా గుర్తు ఉంటుంది. పాపువన్ భాషల్లో చాలావాటిలో ఉన్న ఏర్పాటే ఇది. మనకి ఇలాంటి పూర్తి జత లేదు. -ఇ అంటే సాధారణంగా కర్త ఒక్కడే. కర్త మారితే 'వచ్చాక' అనో 'వస్తే' అనో వేరే దారి చూసుకుంటాం, అవి కూడా కర్త మారిందని గట్టిగా చెప్పవు.

మనవాడు మధ్య క్రియలన్నిటినీ -ఇ కింద అనువదించాడు. ఒక వేట కథలో అతని అనువాదం ఇలా ఉంది: 'వాడు చెట్టెక్కి, క్మ్న్‌ని కొట్టి, కింద పడి, వండుకుని తిన్నాడు'. క్మ్న్ అంటే కస్కస్ (చెట్ల మీద ఉండే, పిల్లల్ని పొట్ట సంచిలో మోసే జంతువు) లాంటి వేట జంతువులు. వేటగాడు చెట్టు మీంచి పడి, లేచి వంట చేసుకున్నాడన్నమాట. కథ చెప్పిన పెద్దాయనకి ఇది టోక్ పిసిన్‌లో చదివి వినిపిస్తే ఆయన కొంతసేపు అర్థం కాక చూసి, తర్వాత పక్కవాళ్లని పిలిచి మళ్లీ చదవమన్నాడట. ఊరంతా నవ్వారని కుర్రాడు సిగ్గుపడుతూ చెప్పాడు.

రికార్డింగులో 'కొట్టు' క్రియకి కర్త మారుతుందనే గుర్తు స్పష్టంగా ఉంది. అతను దాన్ని కాలం తాలూకు ప్రత్యయం అనుకున్నాడు. 'పడు'కి మళ్లీ అదే గుర్తు. కొట్టింది వేటగాడు, పడింది జంతువు, వండింది మళ్లీ వేటగాడు. ఒక్క సర్వనామం లేకుండా కథ సాఫీగా నడుస్తుంది. ఈసారి నేను ఆగలేదు. కథలో ప్రతి మధ్య క్రియ పక్కన రెండు గడులు గీయించాను: ఈ పని ఎవరు చేశారు, తర్వాతి పని ఎవరు చేశారు. అర్థం తెలిసిన చోట్ల ముందు నింపించి, ఆ తర్వాతే ప్రత్యయం వైపు చూడమన్నాను. ప్రత్యయం నుంచి అర్థానికి వెళితే మన భాష అలవాటు మధ్యలో దూరుతుంది. తెలిసిన సంఘటన నుంచి ప్రత్యయానికి వస్తే దూరడానికి సందు తక్కువ. రెండు కథలకే తీరు బయటపడింది.

ఇప్పుడు ఏం మార్చుకున్నాను

నా దగ్గరికి డేటా తెచ్చేవాళ్లని ఒంటరి పదాల జాబితా ముందు చూపించమని ఇప్పుడు అడగను. ఒక ధాతువు, పది ప్రత్యయాలతో పది రూపాలు తెమ్మంటాను. అచ్చు ఉందా లేదా అన్న ప్రశ్నని 'ఎప్పుడు పోతుంది' అని మార్చి అడుగుతాను. 'నెమ్మదిగా చెప్పండి' అన్న రికార్డులకి వేరే ఫోల్డరు, వాటి మీద ఏ వాదనా కట్టకూడదు. టోక్ పిసిన్‌లో అడిగి రాబట్టిన వాక్యాల్ని కథల్లోంచి వచ్చిన వాక్యాలతో కలపనివ్వను, ఎందుకంటే అడిగినప్పుడు అడిగిన భాష ఆకారంలోనే జవాబు వస్తుంది. విద్యార్థి మాతృభాష ఏదైతే అందులోని సంధులు, పలుకులో వచ్చి చేరే అచ్చులు మొదటి వారంలోనే ఒక కాగితం మీద రాయిస్తాను. తమిళం వాళ్లకి ఒకటి, హిందీ వాళ్లకి ఒకటి, మనకి ఉత్వ సంధి.

పూర్వం ఎవరేం రాశారో దాచిపెట్టి విద్యార్థి చేతే కనిపెట్టించాలన్న సరదా కూడా వదిలేశాను. మొదటి రోజే చెప్పేస్తాను, వ్యాసం చేతికిస్తాను, 'ఇది తప్పని నీ డేటాతో చూపించు' అంటాను. చూపించలేకపోతే ఆ వ్యాసం చెప్పింది అతనికి ఒంటబడుతుంది. చూపించగలిగితే ఇంకా మంచిది.

కుర్రాడి నిఘంటువు ఫైలు ఇప్పుడు మూడో వంతుకి తగ్గింది. మ్ద్ కింద మూడు ఎంట్రీలు ఒకటయ్యాయి, గ్ కింద నాలుగు ఒకటయ్యాయి, గుత్తులన్నీ ధాతువుల కింద ఉప ఎంట్రీలుగా చేరాయి. వేట కథని సరిచేసి మళ్లీ వెళ్లినప్పుడు పెద్దాయనకి చదివి వినిపించాడు. ఆయన చివరిదాకా విని, తలూపి, ఆ జంతువుని ఏ చెట్టు మీద కొట్టారో అది రాయలేదేమని అడిగాడట. ఆ చెట్టు పేరు రికార్డింగులో ఉంది. మనవాడు దాన్ని ముందరి క్రియలో భాగం అనుకుని వదిలేశాడు.